పడమటి కిటికీ పంచాయితీ

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తి చూస్తే ముందు కనిపించేవి బోర్డులు. జావా, పైథాన్, శాప్, డేటా సైన్స్. ఒక్కో కోర్సు కింద చెప్పే సారు పేరు, ఫోన్ నంబరు. వాటి వెనక కిటికీలున్న సంగతి లోపల క్లాసులో కూచున్న పిల్లలకే తెలుస్తుంది. ఆ ఫ్లెక్సీలు కట్టినవాళ్ళ ఉద్దేశం వేరే అయినా, భవన నిర్మాణ శాస్త్రం మొత్తుకునే పని ఒకటి అవి చేసేస్తున్నాయి: ఎండను గాజు దాకా రానీయకుండా గోడ బయటే నిలబెడుతున్నాయి. దాంతోపాటు వెలుతురును, గాలిని కూడా నిలబెట్టేస్తున్నాయి గనక మిట్టమధ్యాహ్నం లోపల ట్యూబులైట్లు, ఏసీలు నడుస్తూనే ఉంటాయి.

అక్కణ్ణుంచి సందులు పట్టుకుని పంజగుట్ట వైపు నడిస్తే ఎండాకాలం కిటికీలకు ఎన్ని వేషాలున్నాయో లెక్క తేలదు. హాస్టల్ గదుల గాజుకు అతికించిన పాత న్యూస్‌పేపర్లు, వంటింటి అల్యూమినియం ఫాయిల్, నల్లటి సన్ ఫిల్మ్. ఫ్లాట్లలో మూడు పొరల బ్లాకవుట్ కర్టెన్లు, జీబ్రా బ్లైండ్లు. బాల్కనీలకు ఆకుపచ్చ షేడ్ నెట్, వెదురు తడికలు, వాటి మీదుగా పావురాల వల. కొత్తగా ఇల్లు బాగు చేయించుకున్నవాళ్ళయితే యూపీవీసీ ఫ్రేములు, రెండు పొరల గాజు. డబ్బు పెట్టినవాళ్ళు, పెట్టనివాళ్ళు అందరూ వెతుకుతున్నది ఒకటే, కాస్త చల్లటి గది. వీటిలో ఏది ఎంత పనిచేస్తుందన్నది మాత్రం ధరను బట్టి తేలే విషయం కాదు.

కిటికీ గుండా వేడి రెండు దారుల్లో వస్తుంది. బయట గాలి వేడెక్కి, ఆ వేడి గాజులోంచి నెమ్మదిగా లోపలికి పాకడం ఒకటి. నేరుగా ఎండే గాజును దాటి వచ్చి గచ్చు మీద, మంచం మీద, గోడ మీద పడి అక్కడ వేడిగా మారడం రెండోది. మొదటిదాన్ని యూ విలువతో, రెండోదాన్ని ఎస్‌హెచ్‌జీసీ అనే గుణకంతో కొలుస్తారు. మామూలు తెల్ల గాజుకు యూ విలువ సుమారు 5.8, ఎస్‌హెచ్‌జీసీ 0.83 ప్రాంతంలో ఉంటుంది. అంటే దాని మీద పడిన ఎండలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా లోపలికి వచ్చేస్తుందన్నమాట.

నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఒక పడమటి కిటికీని తీసుకుందాం. విస్తీర్ణం దాదాపు ఒకటిన్నర చదరపు మీటర్లు. మే నెల సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ మీద చదరపు మీటరుకు 500 వాట్ల ఎండ అనుకున్నా ఆ ఒక్క కిటికీలోంచి 600 వాట్ల పైచిలుకు వేడి గదిలోకి దిగుతుంది. అదే సమయంలో బయట 40 డిగ్రీలు, లోపల 30 డిగ్రీలు ఉంటే గాజు గుండా పాకి వచ్చేది 90 వాట్లకు లోపు. ఒక టన్ను ఏసీ తోడెయ్యగలిగే వేడి మూడున్నర కిలోవాట్లు. అందులో ఆరో వంతు కంటే ఎక్కువ ఈ ఒక్క కిటికీ మీద పడే ఎండకే సరిపోతుంది. ఈ చిన్న లెక్క చేసుకోకుండానే చాలామంది గాజు కొట్టుకు వెళ్తారు, 90ని సగం చేసే సరుకు కొనుక్కొస్తారు, 600 జోలికి పోరు.

ఇక దిక్కుల సంగతి. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9న మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడ పడదు. మళ్ళీ ఆగస్టు 3న అలాగే జరుగుతుంది. ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు నగరానికి ఉత్తరాన ఉంటాడు గనక, మండే రోజుల్లో దక్షిణపు కిటికీ మీద మధ్యాహ్నపు ఎండే పడదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకు దిగినప్పుడు పడుతుంది, అప్పటి ఎండ ఎవరికీ చేదు కాదు. దక్షిణం వైపు కిటికీలంటే భయపడి ఫ్లాటు వద్దనుకునేవాళ్ళు వేరే కారణాలు చెప్పుకోవచ్చు గానీ ఎండను మాత్రం సాకుగా చెప్పకూడదు.

అసలు గొడవంతా తూర్పు, పడమరలతోనే. అందులోనూ పడమర. మధ్యాహ్నానికి గోడలు, స్లాబులు కాగిపోయి ఉన్నాక వచ్చే ఎండ అది. పైగా వాలుగా వస్తుంది. మేలో నాలుగింటికి సూర్యుడి ఎత్తు 36 డిగ్రీలు, ఐదింటికి 22. కిటికీ పైన బిల్డరు పోసిన అడుగున్నర సన్‌షేడ్ నాలుగు గంటలప్పుడు గాజు మీద అడుగు నీడ వేస్తుంది, మిగతా మూడడుగులు ఎండకే. ఐదయ్యేసరికి ఆ అడుగూ సగమవుతుంది. సజ్జ వాన జల్లు ఆపడానికి, పావురాలు గూళ్ళు కట్టుకోవడానికి బాగా పనికొస్తుంది. పడమటి ఎండను ఆపాలంటే నిలువుగా, గాజుకు ఎదురుగా అడ్డం ఉండాలి.

ఆ అడ్డం గాజుకు ఏ పక్కన ఉండాలన్న దగ్గరే పరదాలకూ తడికలకూ తేడా వస్తుంది. ఎండ గాజు దాటి వచ్చి పరదా మీద పడితే పరదా వేడెక్కుతుంది, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. తెల్లటి పరదా అయితే కొంత ఎండను గాజులోంచి వెనక్కి తిప్పికొడుతుంది, ముదురు రంగుదైతే అదీ లేదు. అమెరికా ఇంధన శాఖ చెప్పే అంకెలు ఇక్కడ పనికొస్తాయి: వెనక తెల్లటి ప్లాస్టిక్ పూత ఉన్న మధ్యరకం రంగు పరదా ఎండ వేడిని 33 శాతం తగ్గిస్తుంది. పూర్తిగా మూసిన మెరుపు బ్లైండ్లు 45 శాతం దాకా తగ్గిస్తాయి. పడమటి కిటికీకి బయట కట్టిన గుడ్డ పందిరి 77 శాతం దాకా తగ్గిస్తుంది. బ్లాకవుట్ కర్టెన్ కొనేటప్పుడు జనం చూసేది గది ఎంత చీకటవుతుందన్నది. చూడవలసింది గాజు వైపు ఉండే పొర తెల్లగా ఉందా లేదా అని. మెరూన్ రంగు కర్టెన్‌కు వెనకాల నల్ల అస్తరు వేయించుకున్న ఇంట్లో సాయంత్రం చీకటీ ఉంటుంది, ఉక్కా ఉంటుంది.

బయట తెర అన్నది ఈ నగరానికి కొత్త విద్య కాదు. పాత హైదరాబాదు ఇళ్ళ వరండాల్లో వేలాడిన చిల్మన్లు, టేకు రెక్కల్లో పలకలు వాల్చి బిగించిన కిటికీలు, గోడకు ఎత్తున పెట్టిన వెంటిలేటర్లు అన్నీ ఇదే పని చేసేవి. ఎండాకాలం వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లడం అటు దివాణాల్లోనూ, ఇటు కోస్తా మండువా ఇళ్ళలోనూ ఉన్న అలవాటే. గాలిలో తేమ తక్కువగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో ఆ తడిక ఎండనూ ఆపుతుంది, గాలినీ చల్లబరుస్తుంది. జూన్‌లో వానలు పడ్డాక దానికి నీళ్ళు చల్లితే మిగిలేది ఉక్కపోతే.

ఈ విద్యను ఆధునిక కట్టడంలోకి తెచ్చిన భవనం ఒకటి హైదరాబాదు డబ్బుతోనే లేచింది. పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వారి గోల్‌కొండ్ వసతి గృహం నిర్మాణం 1937లో మొదలైంది. వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్, పని దగ్గరుండి చూసినవాళ్ళలో జార్జ్ నకషిమా ఒకరు. నిజాం ప్రభుత్వంలో పెద్ద పదవుల్లో ఉండి దివాన్ అయిన సర్ అక్బర్ హైదరీ చొరవతో లక్ష రూపాయల విరాళం అందింది. ఆ కృతజ్ఞతతోనే దానికి మన కోట పేరు పెట్టారు. ఉత్తరం, దక్షిణం గోడల పొడవునా కిటికీ గాజులకు బదులు తిప్పుకోగలిగే అడ్డపలకలున్నాయి. ఎండ వచ్చినప్పుడు వాల్చుకోవచ్చు, గాలి కావాలంటే తెరుచుకోవచ్చు. ఏసీ లేని ఆ గదుల్లో ఇవాళ్టికీ మనుషులుంటున్నారు. లక్ష ఇచ్చిన ఊళ్ళో మాత్రం ఆ పద్ధతి అపార్ట్‌మెంట్లలోకి ఎందుకో రాలేదు.

అపార్ట్‌మెంట్లలోకి వచ్చింది గాజు. తొంభైల నుంచి టేకు చట్రం పోయి అల్యూమినియం స్లైడింగ్, ఆ తరవాత యూపీవీసీ వచ్చాయి. ఇప్పుడు రెండు పొరల గాజు వంతు. అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చి, అమ్మానాన్నల ఫ్లాటు చూసి, అక్కడిలాగే డబుల్ గ్లేజింగ్ పెట్టిద్దామంటారు. న్యూజెర్సీ చలికాలంలో ఇంటి లోపలికీ బయటికీ ఇరవై, ముప్పై డిగ్రీల తేడా రాత్రింబగళ్ళు ఉంటుంది, వేడి బయటికి పోకుండా చూసుకోవాలి. అక్కడ రెండు పొరలు లేని కిటికీ డబ్బు తగలేసినట్టే. అమీర్‌పేటలో ఏసీ 26 మీద పెట్టుకుంటే ఆ తేడా మధ్యాహ్నం 14 డిగ్రీలు, రాత్రి ఏమంత ఉండదు. రెండు పొరల తెల్ల గాజు యూ విలువను 2.8 దాకా దించుతుంది, నిజమే. కానీ దాని ఎస్‌హెచ్‌జీసీ 0.7 పైనే. పడమటి ఎండకు అది పెద్ద అడ్డంకి కాదు.

లో-ఈ పూత ఉన్న గాజులోనూ రెండు రకాలున్నాయి. చలిదేశాల కోసం చేసినది ఎండను రానిచ్చి గది వేడిని పట్టి ఉంచుతుంది. వేడిదేశాల కోసం చేసిన సోలార్ కంట్రోల్ రకం ఎండనే ఆపుతుంది, రెండు పొరల్లో వేస్తే దాని ఎస్‌హెచ్‌జీసీ 0.3కూ అంతకు లోపుకూ వస్తుంది. దుకాణంలో రెంటినీ లో-ఈ అనే పిలుస్తారు. కొనేవాళ్ళు అడగవలసింది ఆ పేరు కాదు, ఎస్‌హెచ్‌జీసీ అంకె, దాంతోపాటు ఎంత వెలుతురు వస్తుందన్న అంకె. ఉన్న గాజునే ఉంచి సన్ ఫిల్మ్ వేయించుకోవడం వీటిలో చవకైన మార్గం. ఇంటికి ఫిల్మ్ వేస్తే చలానా వేస్తారేమోనని సందేహించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది వాహనాల అద్దాల మీద ఫిల్మును, ఇళ్ళకు దానితో సంబంధం లేదు. మెరిసే ఫిల్ముతో వచ్చే చిక్కు వేరు: ఎదుటి ఫ్లాటు పది అడుగుల్లో ఉండే సందులో మన ఎండ వాళ్ళింట్లోకి పోతుంది.

గాజు గొడవలో పడి మరిచిపోయేది కిటికీ తెరుచుకోవాలన్న విషయం. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత తోసినా సగమే తెరుచుకుంటుంది. మూడు ట్రాకులది మూడింట రెండు వంతులు, పక్కకు తెరుచుకునే రెక్కల కిటికీ నూటికి తొంభై పాళ్ళు. ఈ లెక్కలు కేంద్రం 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహితలోనే ఉన్నాయి. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో పగలు 39, 40 దాకా వెళ్ళినా తెల్లవారుజాముకు 26, 27కు దిగుతుంది. ఆ చల్లదనాన్ని ఇంట్లోకి తెచ్చుకోవాలంటే రాత్రి కిటికీలు బార్లా తెరవాలి, ఉదయం తొమ్మిది లోపు మూసేయాలి. కూలర్ వాడే ఇంట్లో ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండకపోతే గది చెమ్మగిల్లడం తప్ప చల్లబడదు. మధ్యతరగతి ఫ్లాట్లలో కూలరు ఇంకా నడుస్తూనే ఉంది. అక్కడ గాలి చొరబడని జర్మన్ ఫ్రేము పెట్టి ఏం ప్రయోజనం? ఇంకో మెలిక: వానాకాలంలో నగరానికి గాలి పడమటి నుంచే వస్తుంది. ఎండకు భయపడి పడమటి కిటికీని ప్లైవుడ్‌తో శాశ్వతంగా మూసేసినవాళ్ళు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చే గాలిని కూడా వదులుకున్నట్టే.

జనం కిటికీలను నిజంగా ఎలా వాడతారన్నదాని మీద హైదరాబాదులోనే ఒక మంచి పరిశోధన జరిగింది. మాధవి ఇంద్రగంటి 2008 మే నుంచి జూలై వరకు 5 అపార్ట్‌మెంట్లలో 45 ఫ్లాట్లు తిరిగి, వంద మందికి పైగా మనుషుల దగ్గర, ఉష్ణోగ్రత కొలుస్తూ, వాళ్ళకెలా ఉందో అడుగుతూ దాదాపు నాలుగు వేల నమోదులు సేకరించారు. 2010లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం ఇక్కడివాళ్ళకు హాయిగా అనిపించిన ఉష్ణోగ్రత 29 డిగ్రీల పైచిలుకు. సర్దుకోగలిగిన హద్దు 26 నుంచి 32 దాకా. అప్పటి మన జాతీయ ప్రమాణాలు చెప్పిన 23–26 కంటే ఇది చాలా ఎక్కువ. కిటికీకి ఇది పెద్ద ఊరట. గదిని 24కు దించాలంటే ఏసీ కావాలి, 31 దాటకుండా చూడాలంటే చాలా రోజులు నీడ, ఫ్యాను, రాత్రిపూట గాలి చాలు. కాకపోతే దోమలు, రోడ్డు చప్పుడు, ఎదుటి ఫ్లాటు చూపులు, దొంగల భయం, ఇవన్నీ తెరవవలసిన కిటికీని మూసే ఉంచుతాయి. దోమల జాలీ లేని కిటికీ సాయంత్రం ఆరు తరవాత గోడతో సమానం.

చప్పుడు విషయంలో మాత్రం రెండు పొరల గాజుకు మార్కులు వేయక తప్పదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి శబ్దాన్ని నిరంతరం కొలిచే చోట్లలో పంజగుట్ట ఒకటి. వాణిజ్య ప్రాంతానికి పగలు 65, రాత్రి 55 డెసిబెళ్ళు, నివాస ప్రాంతానికి 55, 45 అన్నవి చట్టం పెట్టిన హద్దులు. పంజగుట్ట చౌరస్తా మీదికి తెరుచుకునే పడకగదికి ఆ హద్దులు కాగితం మీద ముచ్చటే. 2017 నవంబరులో అమీర్‌పేటకు, మరుసటి ఏడాది సెప్టెంబరులో పంజగుట్ట మీదుగా ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చింది. కింద బస్సులు తగ్గలేదు, హారన్లూ తగ్గలేదు. అలాంటి గదికి లామినేటెడ్ గాజు, చుట్టూ రబ్బరు పట్టీ బిగిసిన రెక్కల కిటికీ పెట్టుకోవడం దండగ కాదు. అసలు చప్పుడు చాలావరకు వచ్చేది, ఏసీ గాలి పోయేది గాజులోంచి కాదు, స్లైడింగ్ రెక్కల నడుమ అరిగిపోయిన బ్రష్ పట్టీల సందుల్లోంచి, పాత విండో ఏసీ తీసేశాక కొట్టిన ప్లైవుడ్ ముక్క అంచుల్లోంచి. ఆ పట్టీలు మార్పించడానికి అయ్యే ఖర్చు కొత్త కిటికీ ఖర్చు పక్కన లెక్కలోకి రాదు. ఎంత బరువైన పరదా అయినా ఆ సందుల్ని మూయలేదు.

ప్రభుత్వం ఈ విషయంలో పైకి చూసినంతగా పక్కకు చూడలేదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అయిదేళ్ళలో రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులకు ఎండను తిప్పికొట్టే పూత వేయాలన్నది లక్ష్యం, 600 గజాలకు పైబడిన స్థలాల్లో కట్టే ఇళ్ళకు అది తప్పనిసరి. మంచి పనే. కానీ అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో కప్పు పై అంతస్తువాళ్ళకే, కింది నాలుగంతస్తులకు వేడి వచ్చేది గోడల్లోంచి, కిటికీల్లోంచి. వాణిజ్య భవనాల సంగతి నయం. రాజ్‌భవన్ రోడ్డులో బెల్లా విస్టాలో ఉన్న ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా), అమెరికా సంస్థ ఎన్‌ఆర్‌డీసీతో కలిసి రాష్ట్రానికి ఇంధన పొదుపు నిర్మాణ స్మృతిని సిద్ధం చేయడంలో తోడ్పడింది. జాతీయ స్థాయిలో 2017 నాటి ఆ స్మృతి హైదరాబాదు వంటి చోట ఆఫీసు భవనాల గాజుకు, ఉత్తరం వైపు తప్ప, ఎస్‌హెచ్‌జీసీ 0.27 మించకూడదంటుంది.

ఇళ్ళ కోసం వచ్చిన ఎకో నివాస్ సంహిత కూడా ఎండనే దోషిగా తేల్చింది. గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదని దాని నిబంధన. దాని సూత్రంలో హైదరాబాదు వాతావరణానికి ఇచ్చిన గుణకాలు పెట్టి చూస్తే, గోడలో ఐదో వంతు తెల్ల గాజు ఉన్న ఇంటికి, దిక్కుల సవరణ పక్కన పెడితే, గాజు గుండా పాకే వేడి వాటా రెండు వాట్ల పైన వస్తుంది, ఎండ వాటా పదకొండు దాటుతుంది. అయితే ఆ సంహిత వర్తించేది 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు, అంతకు మించి ఉన్న స్థలాల్లో కొత్తగా కట్టేవాటికి, అదీ రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి తీసుకుంటే. అమీర్‌పేటలో రెండొందలు, మూడొందల గజాల్లో ఇప్పటికే లేచిన అయిదంతస్తుల ఇళ్ళకు అది ఏ రకంగానూ తగలదు. తక్కువ ఖర్చు ఇళ్ళలో ఇది సాధ్యమని చూపిన చోటు గుజరాత్‌లో ఉంది. రాజ్‌కోట్‌లో ప్రధానమంత్రి ఆవాస్ పథకం కింద కట్టిన 1,176 ఇళ్ళ సముదాయంలో స్విస్ సహకారంతో కిటికీలను పూర్తి గాజుతో కాకుండా, కొంత గాజు, కొంత మూసిన పలకతో రెక్కలుగా పెట్టారు. అందులో ఖరీదైన వస్తువేదీ లేదు.

మిగిలిన చిక్కు సొంతదారుకూ అద్దెదారుకూ నడుమ ఉంది. అమీర్‌పేట హాస్టల్లో ఉండే కుర్రాడు మూడు నెలల కోర్సు కోసం వచ్చినవాడు. గదిని ప్లైవుడ్‌తో మూడు ముక్కలు చేస్తే కిటికీ ఎవరి మంచం పక్కకు వస్తుందో వాడికే ఎండా, వాడికే గాలీ. వాడు ఫాయిల్ అంటిస్తాడు, అంతకు మించి ఏం చేస్తాడు? గాజుకు అంటించిన ఫాయిల్ ఎండను తిప్పికొట్టడంలో పరదా కంటే మెరుగే. ఎండలో గాజు ఒకచోట ఎక్కువ కాగి అంచుల్లో పగిలే ప్రమాదం కొంత ఉంది, వెలుతురు బొత్తిగా పోతుంది. ఫ్లాటు అద్దెకిచ్చే యజమానికి కిటికీ మార్పిస్తే వచ్చేదేమీ లేదు, కరెంటు బిల్లు కట్టేది అద్దెవాళ్ళు. అద్దెవాళ్ళకు పదకొండు నెలల అగ్రిమెంటు. గోడకు మేకు కొట్టాలన్నా అడగాలి.

అద్దెవాళ్ళ చేతిలో ఉన్నవి కొన్నే అయినా తీసిపారేయదగ్గవి కావు. బాల్కనీ గ్రిల్లుకు బయటి వైపు కట్టే 75 శాతం షేడ్ నెట్, మేకు అక్కర్లేకుండా తాడుతో వేలాడే వెదురు తడిక, ఇల్లు ఖాళీ చేసినప్పుడు చుట్టి పట్టుకుపోవచ్చు. బయట కట్టడానికి వీల్లేని కిటికీకి గాజుకు దగ్గరగా తెల్లటి రోలర్ బ్లైండ్. సొంత ఇల్లున్నవాళ్ళు ఖర్చు పెట్టదలిస్తే వరస ఇలా ఉంటే బాగుంటుంది: ముందు పడమటి కిటికీలకు బయట నీడ, తరవాత అన్నిటికీ జాలీలు, అరిగిన పట్టీలు, ఆ తరవాత ఫిల్మ్. కొత్త గాజు, కొత్త ఫ్రేము చివరికి, అదీ రోడ్డు మీది గదులకు. పక్క బిల్డింగు నీడలో రోజంతా మగ్గే కింది అంతస్తు కిటికీలకు ఇవేవీ వద్దు, అక్కడ కావలసింది వెలుతురు.

బయట నీడ కడదామంటే అపార్ట్‌మెంటు సంఘాలు ఎలివేషన్ పాడవుతుందని అడ్డుపడతాయి. ఒక్కో ఫ్లాటుకు ఒక్కో రంగు తడిక వేలాడితే ఆ అభ్యంతరంలో అర్థముంది. దీనికి వీలైన సమయం భవనానికి రంగులు వేయించేటప్పుడు. గోడ చుట్టూ పరంజా ఎలాగూ కడతారు, అయిదో అంతస్తు కిటికీ దాకా మనిషి ఎలాగూ ఎక్కుతాడు. పడమటి గోడ మీద ప్రతి కిటికీకి పైన రెండు, కింద రెండు స్టెయిన్‌లెస్ కొక్కేలు అప్పుడే బిగించి, ఒకే రకం లేత రంగు తెర గుడ్డకు సంఘమే టోకున ఆర్డరిస్తే, ఎవరికి కావాలంటే వాళ్ళు మార్చిలో తగిలించుకుని జూన్ వానలకు విప్పేసుకోవచ్చు. రంగుల కొటేషన్ రాయించేటప్పుడే ఆ కొక్కేల పనిని విడిగా ఒక పద్దుగా అడిగితే, సర్వసభ్య సమావేశంలో వాదించుకోవడానికి ఒక అంకె చేతిలో ఉంటుంది.